కోట్నిస్ ఫొటో వేసిన కరపత్రం

ఈసారి కొంచెం పొడుగే రాస్తున్నాము, ఓపికగా చదవండి. ఆడవాళ్ళు చదివి ఇంట్లో మగవాళ్ళకు వినిపిస్తే ఇంకా సంతోషం.

పోయిన శ్రావణ పున్నమి నాడు మార్కండేయ మహాముని రథం చూడటానికి సోలాపూర్ తూర్పు భాగమంతా రోడ్డు మీదికి వచ్చింది కదా. ఆ గుంపులో మా అన్న కోడలు కూడా ఉంది. పెండ్లయి మూడేళ్ళు. రథం ఇంకా మలుపు తిరగలేదు, అప్పటికే నలుగురు అడిగారు, "ఏమమ్మా, విశేషం ఏమన్నా ఉన్నదా?" అని. ఐదో ఆవిడ, మనకు దూరపు చుట్టమే, అడగటంతో ఆగలేదు. సంచిలోంచి ఒక కరపత్రం తీసి ఆ పిల్ల చేతిలో పెట్టింది. "సూదులతో సంతానం. మందులు లేవు, ఆపరేషన్ లేదు. మూడు నెలల్లో ఫలితం." పైన డాక్టర్ కోట్నిస్ ఫొటో. "మన ఊరి డాక్టరు చైనా నుంచి తెచ్చిన వైద్యమే బిడ్డా, నమ్మకంగా పో" అన్నది.

ఆ పెద్దావిడను తప్పు పట్టటం లేదు. మంచికే చెప్పింది. అయితే ఆ కాగితం చూసిన రాత్రి మా ఇద్దరికీ నిద్ర పట్టలేదు. దాదాపు ముప్పై ఏళ్ళ కింద అలాంటి మాటే నమ్మి మేము కూడా ఒక గదిలో వరసగా కూర్చున్నవాళ్ళమే. ఆ సంగతి తర్వాత చెప్తాము. ముందు కోట్నిస్ సంగతి తేల్చుకోవాలి. ఆయన మన ఊరివాడు, ఆయన పేరు మీద ఏది పడితే అది అమ్ముడుపోకూడదు.

ద్వారకానాథ్ కోట్నిస్ 1910 అక్టోబర్ 10న సోలాపూర్‌లోనే పుట్టాడు. మరాఠీ కుటుంబం. బొంబాయిలోని సేఠ్ జి.ఎస్. మెడికల్ కాలేజీలో డాక్టరీ చదివాడు. 1938లో జపాన్ సైన్యం చైనా మీద పడి ఊళ్ళకు ఊళ్ళు తగలబెడుతున్న రోజుల్లో, చైనా సేనాధిపతి జూ డే సాయం అడిగితే, కాంగ్రెస్ తరఫున ఐదుగురు డాక్టర్లు ఓడ ఎక్కారు. అటల్ నాయకుడు. చోల్కర్, ముఖర్జీ, బసు, కోట్నిస్ మిగతా నలుగురు. సుభాష్ చంద్రబోస్ అప్పుడు కాంగ్రెస్ అధ్యక్షుడు. కోట్నిస్ వయసు అప్పటికి ఇరవై ఎనిమిది కూడా నిండలేదు.

మిగతావాళ్ళు ఒక్కొక్కరుగా తిరిగి వచ్చారు, ఈయన రాలేదు. ఉత్తర చైనా కొండల్లో, యుద్ధం నడుస్తున్న చోటే, గాయపడిన సిపాయిలకు ఆపరేషన్లు చేస్తూ ఉండిపోయాడు. కెనడా డాక్టర్ నార్మన్ బెథూన్ పేరు మీద పెట్టిన ఆసుపత్రికి అధిపతి అయ్యాడు. అక్కడే నర్సులకు పాఠాలు చెప్పే గువో చింగ్‌లాన్‌ను పెండ్లాడాడు. 1942 ఆగస్టులో కొడుకు పుట్టాడు. పేరు యిన్‌హువా పెట్టారు. చైనా భాషలో యిన్ అంటే ఇండియా, హువా అంటే చైనా. ఆ పసివాడికి నాలుగు నెలలు నిండకముందే, డిసెంబర్ 9న, మూర్ఛలు వచ్చి కోట్నిస్ చనిపోయాడు. ముప్పై రెండేళ్ళు. వి. శాంతారాం 1946లో తీసిన సినిమా మన పెద్దలు చాలామంది చూశారు. ఆయన పుట్టిన ఇల్లు ఇప్పుడు స్మారకం. పిల్లలను తీసుకొని ఒకసారి పోయి రండి.

ఇప్పుడు అసలు మాట. కోట్నిస్ సర్జన్. ఆయన చేతిలో ఉన్నది కత్తి, కుట్లు వేసే సూది. ఆయన పేరు నిలిచింది యుద్ధరంగంలో చేసిన ఆపరేషన్ల మీద. సూదుల వైద్యాన్ని మన దేశానికి తెచ్చింది ఆయన కాదు. ఆయన పోయిన తర్వాత అది వేరే దారిన వచ్చింది.

ఆ దారి ఆయన తోటి డాక్టరుది, కలకత్తాకు చెందిన బిజయ్ కుమార్ బసుది. ఐదుగురిలో ఆయన 1943లో తిరిగి వచ్చాడు. మళ్ళీ 1958లో చైనా వెళ్ళాడు. అప్పటికి అక్కడి కొత్త ప్రభుత్వం తమ పాత వైద్యాన్ని కొత్త ఆసుపత్రుల్లోకి తెస్తున్నది. బసు ఆక్యుపంక్చర్ నేర్చుకొని వచ్చి 1959 నుంచి కలకత్తాలో మొదలుపెట్టాడు. మన దేశంలో ఈ వైద్యానికి అసలు మొదలు అదే. అమెరికా వాళ్ళకు దీని సంగతి బాగా తెలిసింది 1971లో. న్యూయార్క్ టైమ్స్ విలేకరి జేమ్స్ రెస్టన్ పెకింగ్‌లో ఉండగా అపెండిక్స్ ఆపరేషన్ అయింది. ఆ తర్వాత వచ్చిన కడుపు నొప్పికి అక్కడి వాళ్ళు సూదులు గుచ్చారు. ఆయన అది పేపర్లో రాశాడు. అంటే వాళ్ళకంటే పన్నెండేళ్ళ ముందే కలకత్తాలో సూదులు పడుతున్నాయి. కొంచెం గర్వపడదాం, అందులో తప్పులేదు.

బెంగాల్ 1996లోనే ఈ వైద్యానికి చట్టం చేసింది. కేంద్రం 2003లో దీన్ని ఒక చికిత్సా పద్ధతిగా ఒప్పుకున్నది, 2019లో స్వతంత్ర వైద్య విధానంగా గుర్తించింది. మన మహారాష్ట్రలో కూడా దీనికోసం ప్రత్యేక చట్టం ఉంది, దాని కింద కౌన్సిల్ ఉంది. కాబట్టి ఎవరైనా సూది గుచ్చుతానంటే "మీ రిజిస్ట్రేషన్ నంబరు ఎంతండీ?" అని అడగటం మన హక్కు. కరపత్రం మీద ఫొటో ఉంది, నంబరు లేదు. మేము వెతికి చూశాము.

సరే, వైద్యం నిజమైనదే. మరి పిల్లల కోసం పనిచేస్తుందా?

ఇక్కడ చరిత్ర చాలా కొత్తది. వీపు నొప్పికి, తలనొప్పికి సూదులు పాతవే కానీ, సంతాన చికిత్సలో ఇవి ప్రపంచమంతా పాకింది 2002 తర్వాత. జర్మనీలో పౌలుస్ అనే డాక్టరు, ఐవీఎఫ్ చేయించుకుంటున్న 160 మంది స్త్రీలను రెండు సగాలు చేశాడు. పిండాన్ని గర్భసంచిలో పెట్టే ముందు, పెట్టిన తర్వాత సగం మందికి సూదులు గుచ్చారు. సూదులు పడిన వాళ్ళలో 42.5 శాతం మందికి గర్భం నిలిచింది, పడని వాళ్ళలో 26.3 శాతం మందికి. ఇంత తేడా కనబడితే ఎవరు ఊరుకుంటారు? ఐవీఎఫ్ ఆసుపత్రుల పక్కనే సూదుల గదులు మొదలయ్యాయి. ఇప్పటికీ చాలా కరపత్రాలు, వీడియోలు చెప్పేది ఆ ఒక్క లెక్కే.

కానీ ఆ లెక్కలో ఒక లోపం ఉంది. సూది పడిన ఆమెకు తనకు సూది పడిందని తెలుసు, పడని ఆమెకు పడలేదని తెలుసు. పడుకోబెట్టి, నెమ్మదిగా మాట్లాడి, ఒక అరగంట శ్రద్ధగా చూస్తే వచ్చే మేలు ఎంత, సూది వల్ల వచ్చే మేలు ఎంత అని విడదీయటం ఎట్లా? దానికి డాక్టర్లు ఒక ఉపాయం చేశారు. ఉత్తుత్తి సూది. చర్మానికి ఆనుతుంది, లోపలికి దిగదు. అది కూడా అసలు బిందువుల మీద కాదు, పక్కన. పడుకున్న ఆమెకు తనది ఏ రకమో తెలియదు.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో 848 మంది స్త్రీలతో ఇలా చేసి 2018లో ఫలితం ప్రకటించారు. గర్భం నిలవటం కాదు, బిడ్డ ప్రాణంతో పుట్టటాన్నే లెక్కపెట్టారు. అసలు సూదుల వాళ్ళలో 18.3 శాతం, ఉత్తుత్తి సూదుల వాళ్ళలో 17.8 శాతం. అంటే తేడా లేనట్టే.

ఇంకొకటి ఈ వైద్యం పుట్టిన చైనాలోనే జరిగింది, అందుకే మాకు అది ఎక్కువ ముఖ్యం. పీసీఓఎస్ ఉన్న వెయ్యి మంది స్త్రీలను నాలుగు గుంపులు చేశారు. అండం విడుదల కావటానికి ఇచ్చే క్లోమిఫీన్ మాత్ర, సూదులు రెండూ ఇచ్చిన గుంపులో 29.4 శాతం మందికి బిడ్డలు పుట్టారు. మాత్ర ఇచ్చి ఉత్తుత్తి సూదులు గుచ్చిన గుంపులో 28 శాతం. ఇక మాత్ర లేకుండా అసలు సూదులు మాత్రమే పడిన గుంపులో 13.9, ఉత్తుత్తి మాత్ర, ఉత్తుత్తి సూది గుంపులో 16.8. మార్పు తెచ్చింది ఏదో చదివితేనే తెలుస్తున్నది. మాత్ర. ఇది 2017లో వచ్చింది.

అయితే సూదులు ఒట్టి మోసమని కొట్టిపారేస్తామా? లేదు. ఎందుకో మా కథ చెప్తే గానీ అర్థం కాదు.

మా పెండ్లి 1991లో అయింది. మొదటి ఏడాది ఎవరూ ఏమీ అనలేదు. రెండో ఏడు నుంచి ప్రతి నెలా అత్తగారి కండ్లు క్యాలెండర్ మీదే. మొక్కులు అయ్యాయి, తాయెత్తులు అయ్యాయి. రావిచెట్టుకు ప్రదక్షిణలు అయ్యాయి, కొమ్మలకు చిన్న ఊయలలు కట్టటం అయింది. సీమంతాలకు పిలిచేవాళ్ళు పిలవటం మానేశారు. ఒక బారసాలలో తొట్టెలో బిడ్డను వేసే సమయానికి, "నువ్వు కొంచెం అవతల నిలబడమ్మా" అని అన్నవాళ్ళు ఉన్నారు. అన్నవాళ్ళు మన వాళ్ళే. "గొడ్రాలు" అన్న మాట ముఖం మీద ఎవరూ అనలేదు, వెనకనుంచి వినబడింది. తెలుగులో ఆడమనిషికి ఆ మాట ఉంది, మగమనిషికి అంత నిత్యం వాడే మాట ఏదైనా ఉందా? మాకైతే తట్టలేదు.

ఆసుపత్రికి పోయాము. గుంపులో మూడు గంటలు కూర్చుంటే డాక్టరమ్మ నాలుగు నిమిషాలు చూసేది. రక్త పరీక్షలో థైరాయిడ్ తక్కువ అని తేలింది, రోజూ ఒక మాత్ర రాసింది. "ఇంటాయనకు కూడా పరీక్ష చేయించండి" అని చీటీ మీద ఇంకో వాక్యం రాసింది. ఆ వాక్యం మా ఇంట్లో ఎవరూ చదవలేదు. చదివినా చదవనట్టే ఉన్నారు. మాలో మగవాడికి అవసరమేముంది? పనికి పోతున్నాడు, తింటున్నాడు, మీసం ఉంది.

అప్పుడు ఎవరో సూదుల ఆయన దగ్గరికి తోలుకపోయారు. పేరు, పేట చెప్పము. ఆయన గదిలో గంట సేపు ఉండేవాళ్ళం. నిద్ర పడుతుందా, ఏం తింటావు, ఎందుకు ఏడుస్తావు, అత్తగారు ఏమంటుంది... అంతా అడిగేవాడు. అన్నేళ్ళలో మమ్మల్ని అట్లా అడిగినవాడు ఆయన ఒక్కడే. సూదులు గుచ్చి దీపం తగ్గించి, కండ్లు మూసుకోమనేవాడు. ఆ గంట నిజంగా హాయిగా ఉండేది, అబద్ధం చెప్పము. నిద్ర పట్టింది, ఆకలి వేసింది. ఆందోళన తగ్గటానికి సూదులు కొంత సాయపడతాయని చెప్పే అధ్యయనాలు ఉన్నాయి కూడా. మన జనం ఆ గదులకు ఎందుకు పోతారో మాకు బాగా తెలుసు. ఆసుపత్రిలో దొరకని గంట అక్కడ దొరుకుతుంది.

అంతవరకే అయితే ఈ వ్యాసం రాసే పని ఉండేది కాదు. ఆయన మూడో నెలలో, "ఆ థైరాయిడ్ మాత్ర ఒంట్లో వేడి చేస్తున్నది, ఆపేయండి, సూదులే చూసుకుంటాయి" అన్నాడు. ఆపేశాము. ఐదు నెలలు ఆపాము. థైరాయిడ్ తక్కువైతే అండం సరిగా విడుదల కాదు, గర్భం నిలిచినా పోయే ప్రమాదం ఎక్కువ. ఆ ఐదో నెలలో నెల తప్పింది. ఇల్లంతా పండుగ. తొమ్మిదో వారంలో పోయింది. మాత్ర ఆపటం వల్లే పోయిందా? ఎవరూ తేల్చి చెప్పలేరు. వేసుకొని ఉంటే మాత్రం ఆ అనుమానం ఇన్నేళ్ళు మా మంచం కింద ఉండేది కాదు.

ఆ తర్వాత 1996లో, పెండ్లయిన ఐదేళ్ళకు, మాలో మగవాడు మొదటిసారి వీర్య పరీక్షకు పోయాడు. అన్ని పరీక్షల్లోకీ అదే తేలిక, అదే తక్కువ ఖర్చు. వీర్యకణాలు చాలా తక్కువ. వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బి ఉన్నాయని, దాని వల్ల అక్కడ వేడి పెరుగుతుందని చెప్పి చిన్న ఆపరేషన్ చేశారు. థైరాయిడ్ మాత్ర మళ్ళీ మొదలైంది. 1998లో మా బిడ్డ పుట్టింది. ఇంట్లో మొట్టమొదట వచ్చిన మాట ఏమిటో తెలుసా? "మొక్కు ఫలించింది" అని. ఫలించి ఉండవచ్చు. మొక్కు కూడా ఐదేళ్ళు భార్య ఒక్కతే మోసింది.

మన కులగాథే ఒకసారి గుర్తు చేసుకోండి. మనం మార్కండేయుడి వంశమని చెప్పుకుంటాము. ఆ మార్కండేయుడి కథ ఎక్కడ మొదలవుతుంది? పిల్లలు లేని ఇంట్లో. మృకండు మహర్షి, మరుద్వతి. శివుడిని తలుచుకొని తపస్సు చేసింది ఇద్దరూ. వంద ఏళ్ళు బతికే మందబుద్ధి కావాలా, పదహారేళ్ళే బతికే తెలివిగలవాడు కావాలా అని అడిగితే ఎంచుకున్నదీ ఇద్దరూ. ప్రతి శ్రావణ పున్నమికి రథం లాగుతాము గానీ, కథలో ఆ ముక్క దగ్గర ఎవరూ ఆగరు.

ఇక ఇంకో చరిత్ర. ఇది చాలామంది విని ఉండరు. సూది సంగతి చైనా నుంచి వచ్చింది కదా, ఇది మన మిల్లుల నుంచి వచ్చింది.

తెలంగాణ జిల్లాల నుంచి మన తాతలు మగ్గాలు వదిలి ఇటు వచ్చినప్పుడు కొందరు షోలాపురంలో ఆగారు, కొందరు బొంబాయి పోయారు. ఇక్కడ 1877లో పెట్టిన పాత మిల్లు, అక్కడ పరేల్, వర్లీ మిల్లులు. ఆ మిల్లుల చుట్టూ ఉన్న చాళ్ళలో మన వాళ్ళ కాపురాలు. అప్పట్లో బొంబాయి మిల్లు కూలి కుటుంబాల్లో గర్భిణులకు ఒక రకం రక్తహీనత వచ్చేది. మామూలు రక్తహీనత కాదు, ప్రాణం తీసేది. దాని సంగతి చూడటానికి 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చింది. హాఫ్‌కిన్ సంస్థలో పని చేసింది. ఇండ్లకు పోయి ఎవరు ఏం తింటున్నారో చూసింది. ఆకుకూర, పండు, పాలు అందని పేద ఆడవాళ్ళలోనే జబ్బు ఎక్కువ. చివరికి మందు ఎక్కడ దొరికింది? ఇంగ్లాండులో రొట్టెకు రాసుకొని తినే మార్మైట్ అనే చవక పదార్థంలో. ఈస్ట్ నుంచి తీస్తారు. అది తినిపిస్తే గర్భిణులు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించింది. లోపల ఉన్న ఆ పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు, అందుకని కొన్నేళ్ళు దాన్ని విల్స్ పదార్థమనే పిలిచారు.

పదేళ్ళ తర్వాత అమెరికాలో కొందరు బండ్ల కొద్దీ పాలకూర నుంచి అదే పదార్థాన్ని తీశారు. ఆకు నుంచి వచ్చింది కాబట్టి, లాటిన్‌లో ఆకు పేరు మీద ఫోలిక్ యాసిడ్ అన్నారు. కానీ పాలకూర నుంచి ఎంత తీస్తారు, ఎందరికి ఇస్తారు? దాన్ని ఫ్యాక్టరీలో తయారుచేసే విధానం 1945లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో సాధించారు. ఆ జట్టును నడిపింది మన తెలుగువాడు, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో చనిపోయారు. ఆయనకే ఆ జబ్బు వస్తే మద్రాసులో ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద వైద్యంతో బతికాడు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు కూడా చెప్పాడు. ఆ తర్వాత 1923లో అమెరికా పోయాడు. అన్నదమ్ములను తీసుకుపోయిన ఆ స్ప్రూ జబ్బుకు ఫోలిక్ యాసిడ్ కూడా మందు అయింది.

అయితే ఇది పిల్లల కోసం సిద్ధమవటానికి ఎట్లా పనికొచ్చింది? బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే గొట్టం గర్భం పడిన నాలుగు వారాల్లోపే మూసుకుంటుంది. అప్పటికి చాలామంది స్త్రీలకు నెల తప్పిందన్న సంగతే సరిగా తెలియదు. అది మూసుకోకపోతే వెన్ను తెరుచుకొని ఉన్న బిడ్డ, పుర్రె లేని బిడ్డ పుడతారు. 1991లో ఏడు దేశాల్లోని 33 కేంద్రాలలో చేసిన పరీక్ష ఫలితం వచ్చింది. అంతకు ముందు అట్లాంటి బిడ్డను కన్న తల్లులు గర్భానికి ముందు నుంచే ఫోలిక్ యాసిడ్ వేసుకుంటే మళ్ళీ అట్లా కావటం 72 శాతం తగ్గింది. ఆ తల్లులకు ఇచ్చింది పెద్ద మోతాదు. మామూలుగా గర్భం కోసం చూసే స్త్రీలకు ఇప్పుడు చెప్పేది రోజుకు 400 మైక్రోగ్రాములు, కనీసం ఒక నెల ముందు నుంచి. సర్కారు దవాఖానాలో అడిగినా చెప్తారు. ఖర్చు దాదాపు ఏమీ లేదు.

కరపత్రాల మీద ఈ మాత్ర ఫొటో ఎవరూ వేయరు, లాభం లేదు కాబట్టి.

సమాజంలో కొత్త జంటలు మమ్మల్ని అడుగుతుంటారు గనుక, డాక్టర్లు మాకు చెప్పినవి, మేము చదివి తెలుసుకున్నవి నాలుగు మాటలు రాస్తాము. మేము డాక్టర్లము కాము, మగ్గం కుటుంబం వాళ్ళము. ఏడాది పాటు ప్రయత్నించినా గర్భం రాకపోతే చూపించుకోవాలి, ఆమెకు ముప్పై అయిదు దాటితే ఆరు నెలలకే. పోయేటప్పుడు ఇద్దరూ పోవాలి. వీర్యకణం తయారవటానికి రెండున్నర నెలలు పడుతుంది, కాబట్టి మగవాడు ఇవాళ బీడీ, గుట్కా మానితే ఫలితం మూడు నెలలకు కనబడుతుంది. పవర్‌లూమ్ షెడ్డులో ఎండాకాలం ఎట్లా ఉంటుందో మనకు చెప్పక్కరలేదు. వృషణాలు ఒంటి వేడి కంటే రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉండాలనే ప్రకృతి వాటిని బయట పెట్టింది. వేడిలో గంటలు గంటలు పనిచేసేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి.

మన ఆడవాళ్ళలో వేల మంది బీడీలు చుడతారు. ఆ పొగాకు దుమ్ము ముక్కు నుంచి, చేతుల నుంచి ఒంట్లోకి పోతుంది. డాక్టరు అడగరు, మనమే చెప్పాలి. ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి ఉంటే అది కూడా దాచొద్దు. గర్భసంచికి, ట్యూబులకు టీబీ పాకి దారి మూసుకుపోవటం మన దేశంలో అరుదేమీ కాదు. మేనరికం అయితే పిల్లల కోసం చూసే ముందే డాక్టరుతో ఆ మాట మాట్లాడాలి. నెలసరి 28 రోజులకు వచ్చేవాళ్ళకు సుమారు పద్నాలుగో రోజున అండం విడుదలవుతుంది. ఆ రోజు, దానికి ముందు ఐదు రోజులు, ఈ ఆరు రోజులే ముఖ్యమని 1995లోనే తేల్చారు. ముహూర్తం చూసుకునే ఇండ్లలో ఈ లెక్క కూడా చూసుకుంటే బాగుంటుంది!

సూదులు కావాలంటే పొండి. మనసు నెమ్మదిస్తుందంటే అది చిన్న మేలు కాదు. రిజిస్ట్రేషన్ అడగండి, ప్రతిసారీ కొత్త సూది ప్యాకెట్ మీ ముందే విప్పమనండి. మాత్ర ఆపమంటే అక్కడినుంచి లేచి రండి.

కోట్నిస్ చదివిన కాలేజీకి ఆనుకొని ఉన్నది బొంబాయి కేఈఎం ఆసుపత్రి. 1986 ఆగస్టు 6న డాక్టర్ ఇందిరా హిందుజా చేతుల మీదుగా హర్షా అనే టెస్ట్ ట్యూబ్ పాప పుట్టింది అక్కడే. కలకత్తాలో అంతకు ఎనిమిదేళ్ళ ముందే డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ సాధించినా ఆయనను ఎవరూ నమ్మలేదు, ఆ కథ ఇంకోసారి రాస్తాము. కోట్నిస్ ఫొటో పెట్టుకునే హక్కు ఎవరికైనా ఉందంటే అది రోగి దగ్గర ఉండిపోయిన డాక్టర్లకే ఉంది.

పండుగ అయిన వారానికి మా అన్న కోడలు ఆ కరపత్రం మడిచి పట్టుకొని మా ఇంటికి వచ్చింది. "చిన్నత్తా, పోవాల్నా వద్దా?" అని అడిగింది. పైన రాసినదంతా ఆ పిల్లకు చెప్పాము, ఇంత పొడుగ్గా కాదు. విని, కొంచెం సేపు ఊరుకొని, "మరి ఆయనకు ఎవరు చెప్తరు?" అన్నది.

ఆ పని చిన్నాయన తీసుకున్నాడు. ఆదివారం చాయ్ తాగుతూ మేడ మీద ఇద్దరూ చాలా సేపు ఉన్నారు. కిందికి ఏమీ వినబడలేదు. మంగళవారం పొద్దున్నే మా అన్న కొడుకు షెడ్డుకు సెలవు పెట్టి, భార్యను బండి మీద ఎక్కించుకొని దవాఖానాకు పోయాడు. ఈసారి చీటీ మీద మొదటి పేరు అతనిదే రాయించుకున్నాడు.